గుండె పాఠం మీద కర్చీఫ్

ఆ రోజుల్లో మా ఇంట్లో 'డాక్టరుగారు' అంటే పశువుల డాక్టరుగారే. మనుషులకి ఒంట్లో బాగోకపోతే మిరియాల కషాయంతోనో, ఉయ్యూరులో మందుల షాపువాణ్ణి అడిగి తెచ్చుకున్న బిళ్ళతోనో సరిపెట్టుకునేవాళ్ళం కానీ, గేదె ఒక్క పూట మేత ముట్టకపోతే చాలు, నాన్న చెరుకుతోట పని ఎక్కడిదక్కడ వదిలేసి బండి తీసేవాడు. డాక్టరుగారు రాగానే వరండాలో కుర్చీ, పెద్ద గ్లాసుతో మజ్జిగ, గేదెని చూడ్డం పది నిమిషాలు, కబుర్లు గంటన్నర. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకుని, నడుములూ మోకాళ్ళూ సరిచేస్తూ నేనూ 'డాక్టరమ్మ' అనిపించుకుంటున్నాను. అయినా మా నాన్న ఫోనులో "డాక్టరుగారు కనపడ్డారమ్మా ఇయ్యాల" అన్నాడంటే నా నోటి వెంట వచ్చే మొదటి మాట "ఏ గేదెకి నాన్నా?" అనే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చదువులో మొట్టమొదటిసారి బొక్కబోర్లా పడింది ఈ అలవాటు వల్లే.

ఇంటర్ అయ్యాక నాకు విజయవాడలో ఫిజియోథెరపీ కాలేజీలో సీటొచ్చింది. మా వంశంలో మనిషి శరీరం గురించి చదవడానికి బయల్దేరిన మొదటిదాన్ని నేనే కాబట్టి ఏ పుస్తకాలు కావాలో, అవి ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్ళు లేరు. మొదటి వారం హాస్టలు నుంచి ఫోన్ చేసి "నాన్నా, అనాటమీకి మంచి పుస్తకమో నోట్సో ఉండాలంట" అన్నాను. నాన్న ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అటక మీది ట్రంకు పెట్టె దింపించి, తను చదువుకునే రోజుల్లో రాసుకున్న నోట్సుకి జెరాక్సు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి మరీ ఇచ్చారట. "ఎముకలు ఎక్కడైనా ఎముకలేనయ్యా, చదువుకోమను" అని దీవించారట. నాన్న దాన్ని ఎరువుల సంచిలో బెల్లం అచ్చుల మధ్య భద్రంగా పెట్టి హాస్టలుకి తెచ్చిచ్చాడు. నాన్ననేం అననండీ. డాక్టరుగారంటే ఎవరో నాకు మాత్రం తెలియదా? తెలుసు. అయినా ఆ క్షణాన తట్టలేదు. ముత్యాల్లాంటి దస్తూరీ, ఎర్ర సిరాతో గీసిన గీతలు, పైన 'ఛాతీ' అని హెడ్డింగు. ఇంకేం కావాలి అనుకున్నాను.

పక్కటెముకలు పదమూడు జతలు అని ఉంది అందులో. ఇంటర్లో పన్నెండని చదివిన గుర్తు. కానీ మాకు ప్రతి పై తరగతిలోనూ కింది తరగతి పాఠం తప్పని చెప్పడం అలవాటే కదా, డిగ్రీకి వచ్చేసరికి ఇంకో జత కలుపుతారు కాబోలు అనుకున్నాను. గుండె దగ్గరికొస్తే ఇంకా విశేషం. గుండెలో రెండు చిన్న ఎముకలుంటాయట! ఎంత పొంగిపోయానో చెప్పలేను. మా క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి నోట్సులో కూడా ఈ ముక్క లేదు. ఎవరికీ చెప్పకుండా దాచుకుని, మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఆ రెండు ఎముకల కిందా గీత గీసి, పక్కన నక్షత్రం గుర్తు కూడా పెట్టాను (మేడమ్ చూడకుండా దాటేస్తారేమోనని భయం).

అనాటమీ మేడమ్ దాటేయలేదు. పేపర్లు ఇచ్చే రోజున నాది చేతిలో పట్టుకుని క్లాసు మధ్యలో నిలబడ్డారు. "ఎవరమ్మా ఇది? లే. మనిషికి పక్కటెముకలు పదమూడు జతలా?" అన్నారు. "అవును మేడమ్" అన్నాను. "గుండెలో ఎముకలా?" "రెండు మేడమ్. చిన్నవి" అన్నాను, వేళ్ళతో సైజు కూడా చూపిస్తూ. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని "ఈ మనిషికి తోక కూడా ఉందా తల్లీ?" అనడిగారు. అరవైమంది ఒక్కసారి గొల్లుమన్నారు. నోట్సు తెప్పించి చూశారు. చివరి పేజీ తిప్పితే పొదుగు బొమ్మ, దానికి నాలుగు బాణం గుర్తులు. (అంతవరకూ నేనింకా రాలేదు.) ఆవు గుండెలో నిజంగానే రెండు ఎముకలుంటాయనీ, పశువుల డాక్టరుగారి నోట్సులో ఒక్క తప్పు కూడా లేదనీ మేడమే చెప్పారు. తప్పల్లా దాన్ని మనిషికి అంటగట్టిన నాదే. ఆ పూట నుంచి క్లాసులో నా అసలు పేరు పోయి 'పదమూడోది' అన్నది స్థిరపడిపోయింది.

మేడమ్ మంచావిడే కానీ లెక్కంటే లెక్క. నెల తిరిగేసరికి రెండో ఇంటర్నల్ ఉంటుంది, ఛాతీ, గుండె, రక్తప్రసరణ మీద నోటితో చెప్పాల్సిన వైవా, బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు, అందులో కూడా తప్పితే యూనివర్సిటీ పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వరు, ఏడాది పోయినట్టే అని చెప్పారు. "ఏదైనా లైబ్రరీకెళ్ళి అసలు పుస్తకం చదువు. మనుషులది" అన్నారు. ఆ సాయంత్రం నాన్న ఫోన్. "నోట్సు పనికొచ్చిందామ్మా? డాక్టరుగారు రోజూ అడుగుతున్నారు. ఆయనకి నువ్వంటే ఎంత ఇదో!" అన్నాడు. "బాగా పనికొచ్చింది నాన్నా" అన్నాను. ఆ మాట అనేశాక ఇక తప్పడానికి వీల్లేదు. తప్పితే ఎందుకు తప్పానో చెప్పాలి, చెబితే నాన్న ముఖం, ఆయన వెనక డాక్టరుగారి ముఖం ఎలా వాడిపోతాయో నాకు ఫోనులోనే కనిపించింది.

మా కాలేజీ లైబ్రరీలో ఆ పుస్తకం ఉంది. అద్దాల బీరువాలో, పై అరలో, బంగారు అక్షరాలతో నిగనిగలాడుతూ ఉంది. తాళంచెవి ఇన్‌ఛార్జి మేడమ్ దగ్గర ఉంది. ఆవిడ ప్రసవానికి పుట్టింటికి వెళ్ళారు. "మరి డూప్లికేటు తాళం?" అంటే అది భద్రంగా ఉండాలని అదే బీరువాలో పెట్టారట. ఫోనులో చదువుకోవచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. హాస్టల్లో ఫోను చేతికిచ్చేది రోజుకి ఒక గంట, అందులో సగం ఇంటికి. పైగా నా ఫోను అద్దం నడిమికి పగిలి ఉండేది, ఎవరో పంపిన పీడీఎఫ్‌లో గుండె బొమ్మ తెరిస్తే ఎడమ పక్క ఒక ముక్క, కుడి పక్క ఒక ముక్క, అసలు చూడాల్సిన గదుల మధ్య గోడ కాస్తా పగులులో పోయేది. అలా తిరిగి తిరిగి, ఎవరో చెబితే గవర్నర్‌పేటలో హోల్‌సేల్ కొట్ల వెనక సందులో ఉన్న ఒక పాత లైబ్రరీకి చేరాను. కింద స్టీలు సామాన్ల గోడౌను, పైన లైబ్రరీ. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తీసేవాళ్ళు. ఎవరో పెద్ద డాక్టరు పోతూ పోతూ తన పుస్తకాలన్నీ దానికి రాసిచ్చారనీ, 'హాలు దాటి బయటికి పోకూడదు' అన్నది ఆయన షరతనీ లైబ్రేరియన్ గారు చెప్పారు. అనాటమీ పుస్తకం ఉందాండీ అంటే, కిటికీ పక్క బల్ల వైపు గడ్డం చూపించి మళ్ళీ కునుకులో పడ్డారు.

ఉంది. ఇటుకంత లావుపాటి పుస్తకం, రంగు బొమ్మలతో, గుండె పాఠం దగ్గరే తెరిచి పెట్టి ఉంది. దాని మీద నీలం గళ్ళ కర్చీఫ్ పరిచి ఉంది. మనిషి లేడు. ఈ కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళకి కర్చీఫ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. బస్టాండులోకి బస్సు ఇంకా వంపు తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫ్ విసిరితే ఆ సీటు మనది. మా ఉయ్యూరు బస్సులో దాని కోసం వియ్యంకులు చొక్కాలు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. కర్చీఫ్ తీసేసి కూర్చున్నవాణ్ణి బస్సంతా కలిసి తిట్టిపోస్తుంది. అందుకని నా చెయ్యి ఆ పుస్తకం వైపు వెళ్ళి, గాల్లోనే ఆగిపోయి, వెనక్కి వచ్చింది. పావుగంటకి ఒక పెద్దాయన టీ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, చెవి మీద పెన్ను. కర్చీఫ్ తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, వేలితో గీత గీత తడుముతూ చదవడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని దగ్గాను. మళ్ళీ దగ్గాను. "మంచినీళ్ళు అక్కడున్నాయమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "అది కాదండీ తాతయ్యగారూ, ఆ పుస్తకం..." అన్నాను. ఆయన అప్పుడు తలెత్తి చూశాడు. "తాతయ్యేంటి? బాబాయ్ అంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. ఆ సాయంత్రమంతా పుస్తకం ఇవ్వలేదు.

మర్నాడూ అంతే. మూడో రోజు చివరి క్లాసు ఎగ్గొట్టి, బెంజ్ సర్కిల్ దగ్గర కదులుతున్న సిటీ బస్సు ఎక్కి, లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీదున్నాను. బీరువాలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, గుండె పాఠం తెరిచి, నా పూల కర్చీఫ్ దాని మీద నాలుగు మూలలూ లాగి పరిచి, హమ్మయ్య అనుకుని ముఖం కడుక్కోవడానికి వెళ్ళాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చి చూస్తే నా కర్చీఫ్ చక్కగా మడతపెట్టి పక్కన ఉంది. బాబాయిగారు (ఇక అలాగే అందాం) దీక్షగా చదువుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏవండీ! కర్చీఫ్ వేసి వెళ్తే తీసేస్తారా? పెద్దవాళ్ళు మీకిది న్యాయమేనా?" అన్నాను, హాలంతా వినపడేట్టు. పేపర్లు చదువుకునే రిటైరయినవాళ్ళు పదిమందీ పేపర్లు దించి చూశారు. "కర్చీఫ్ సీటు మీద చెల్లుద్దమ్మా. పుస్తకం మీద చెల్లదు" అన్నారాయన శాంతంగా. "మరి మొన్న మీరేశారుగా? అప్పుడు చెల్లిందేం?" అన్నాను.

లైబ్రేరియన్ గారికి మెలకువ వచ్చింది. ఆయన నా వైపు, బాబాయిగారి వైపు చూసి, "ఇట్టాంటి తగువులు నా వల్ల కాదండీ. ముప్పై ఏళ్ళు బందరు బస్సులో కండక్టరుగా చేసింది మీరు. ఇట్టాంటివి మీకంటే తెలిసినోళ్ళెవరు? మీరే చెప్పండి తీర్పు" అన్నారు. అంటే ముద్దాయినే జడ్జి కుర్చీలో కూర్చోబెట్టారన్నమాట. నేను గోల చేయబోయాను కానీ, బాబాయిగారి ముఖం చూసి ఆగిపోయాను. ఆయన నిజంగానే ఆలోచిస్తున్నారు. చెవి మీది పెన్ను తీసి బల్ల మీద రెండుసార్లు కొట్టి, "నాదే తప్పు" అన్నారు. "ఏ కర్చీఫ్ ముందు పడితే దానిదే సీటు. కాపోతే ఒకటి. ముగ్గురు పట్టే సీటులో నలుగుర్ని కూకోబెట్టి బందరు చేర్చినోణ్ణి నేను. ఒక్క పుస్తకంలో ఇద్దరం పట్టమా? జరగండి, జరగండి" అంటూ, ఎవరూ లేని బల్ల మీద తనే పక్కకి జరిగారు. నేను కూర్చున్నాను. పేపర్లు మళ్ళీ పైకి లేచాయి.

ఇంతకీ ఈయనకీ పుస్తకంతో పనేమిటని అడిగాను. "ఏం చెప్పమంటావు తల్లీ. బతుకంతా నిలబడి టికెట్లు కొట్టానా, కాళ్ళల్లో నరాలు వానపాముల్లా ఉబ్బిపోయినయ్. మా డాక్టరు చూసి 'కాళ్ళల్లో వాల్వులు పోయాయి' అన్నాడు. వాల్వులు మోటారుకుంటయ్, గుండెకుంటయ్యని విన్నాను. కాళ్ళకెందుకుంటయ్యమ్మా? అడుగుదామంటే ఆయనకి తీరికేది? నా కాలు, నాకు తెలియకపోతే ఎట్టా అని వచ్చాను" అన్నారు. ఏ పేజీలో ఉంటుందో తెలియక మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారట. పదో తరగతి ఇంగ్లీషుతో, రోజుకి రెండు పేజీల చొప్పున నడుస్తూ గుండె దగ్గరికి వచ్చారు. కాళ్ళు ఇంకా ఆరువందల పేజీల దూరాన ఉన్నాయి. "నాకు వైవా ఉందండీ, గుండె మీద. అది కాగానే మీకు కాళ్ళ పాఠం నేనే చెప్తాను" అన్నాను ఎంతో ఉదారంగా. "అట్టాగే కానీ. నాకేం తొందర" అన్నారు.

ఆ రోజు నుంచి మా చదువు మొదలైంది. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాలి. ఆయనకి అర్థమైతేనే పేజీ తిరుగుతుంది, లేకపోతే అరచెయ్యి పేజీ మీద పెట్టేస్తారు. ఇక్కడే నా బండారం బయటపడింది. నాకు అర్థమైందనుకున్న ప్రతి ముక్కా తెలుగులో చెప్పబోయేసరికి నోట్లోనే ఆగిపోయేది. "చెడు రక్తం గుండెకొచ్చుద్దన్నావు. ఏ దోవన?" అనేవారు. "పెద్ద సిర ద్వారా అండీ." "ఎక్కడ ఎక్కుద్ది, ఎక్కడెక్కడ ఆగుద్ది, ఎక్కడ దిగుద్ది? అది చెప్పకుండా ఊరికే పెద్ద సిరంటే ఎట్టా?" చివరికి ఆయనే ఒక కాగితం తీసుకుని రూటు గీశారు. కాలి బొటనవేలు బందరు. మోకాలు పామర్రు. తొడ మా ఉయ్యూరు. పొట్ట కంకిపాడు (అక్కడ జనం ఎక్కువ ఎక్కుతారు కాబట్టి). అక్కణ్ణుంచి తిన్నగా బెంజ్ సర్కిల్, అదే గుండెకి కుడివైపు పై గది. అన్ని వైపుల నుంచీ వచ్చే బళ్ళూ అక్కడే కలవాలి. అక్కడ గేటు దాటి కింది గదిలోకి వెళితే మళ్ళీ వెనక్కి రావడానికి లేదు, వన్ వే. కింది గది నుంచి ఊపిరితిత్తులకి. "ఊపిరితిత్తులంటే డిపో అమ్మా. అక్కడ గాలి పట్టించుకోవాల" అన్నారు. గాలి పట్టించుకున్న బండి ఎడమవైపు గదుల్లోకి వచ్చి, మళ్ళీ ఊళ్ళ మీదికి.

ఒక్కచోట మాత్రం రెండు రోజులు చిక్కుకుపోయాం. గుండె నుంచి మంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని అని పుస్తకంలో ముందు చదివాం. తీరా ఊపిరితిత్తులకి పోయేది కూడా ధమనే, కానీ అది మోసేది చెడు రక్తం. నాకు అక్కడ ఎప్పుడూ తికమకే. బాబాయిగారు రెండు రోజులు గింజుకుని, మూడో రోజు వస్తూ వస్తూనే మెట్ల మీంచి కేకేశారు. "అమ్మాయ్, దొరికింది! బోర్డు చూసి మోసపోకూడదు. రద్దీ రోజుల్లో మేం బోర్డు మార్చకుండానే బండి తిప్పేవాళ్ళం. బోర్డు గుడివాడ, జనం బందరు. గుండె నుంచి బయల్దేరిందా, దాని బోర్డు ధమని. లోపల ఎవరున్నారన్నది బోర్డుకి అనవసరం." ఇప్పటికీ ఇంతకన్నా బాగా ఎవరైనా చెబితే వినాలని ఉంది. పేపర్లు చదివేవాళ్ళు కూడా మెల్లగా మా బల్ల చుట్టూ చేరడం మొదలుపెట్టారు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కిందే కూర్చుని ఒకాయన "అయితే నాకు బైపాస్ చేశారు కదా, అది ఏ రోడ్డుకొస్తుందండీ?" అనడిగితే, కండక్టరుగారు కాగితం మీద ఆయనకి కంకిపాడు పక్కనుంచి ఒక కొత్త రోడ్డు వేసి ఇచ్చారు. అది తప్పని, అసలది గుండె మీదే ఉంటుందని నేను సరిచేశాను. జీవితంలో నేను సరిచేసిన మొదటి వైద్య విషయం అదే.

వైవా రోజు వచ్చింది. గదిలో మేడమ్, ఆవిడ పక్కన ఎగ్జామినర్. భారీ మనిషి, చెమటలు కారుతున్నాయి, ముఖం చిరాగ్గా ఉంది. నాకంటే ముందు వెళ్ళిన ఇద్దరూ ఏడుస్తూ బయటికి వచ్చారు. "పక్కటెముకలెన్ని?" అన్నారు. "పన్నెండు జతలు సార్" అన్నాను. మేడమ్ ఊపిరి వదలడం నాకు వినపడింది. "కాలి బొటనవేలి నుంచి ఊపిరితిత్తుల దాకా రక్తం ప్రయాణం చెప్పు" అన్నారు. అంతే, బుర్ర ఖాళీ. ఒక్క పేరూ లేదు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది, నేను దాన్నే చూస్తున్నాను. మేడమ్ "చెప్పమ్మా, నీకు వచ్చు" అన్నారు నెమ్మదిగా. కళ్ళు మూసుకున్నాను. బందరు బస్టాండు కనిపించింది. ఇక నోరు దానంతటదే కదిలింది. పాదం సిరలు, మోకాలి వెనక సిర, తొడ సిర, కటి సిర, అన్నిటి ఇంగ్లీషు పేర్లూ స్టాపుల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. "...అక్కణ్ణుంచి ఇన్ఫీరియర్ వీనా కావా ద్వారా తిన్నగా బెంజ్ సర్కిల్‌కి వస్తుంది సార్" అన్నాను.

మేడమ్ రెండు కళ్ళూ మూసుకున్నారు. "ఎక్కడికీ?" అన్నారు ఎగ్జామినర్. "సారీ సార్. రైట్ ఏట్రియమ్‌కి సార్" అన్నాను. ఏడాది పోయింది, నాన్నకి చెప్పాలి, డాక్టరుగారికి తెలుస్తుంది అనుకుంటుండగా, ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు. "పొద్దున గంటంబావు ఆ బెంజ్ సర్కిల్లోనే ఇరుక్కుపోయాను. ఊఁ, నీ లెక్కలోనే చెప్పు. అక్కడ జామ్ అయితే ఏమవుద్ది?" అన్నారు. అది పాఠంలో ఆ మాటల్లో లేదు. కానీ రూటు నాకు తెలుసు కదా. "వెనక బళ్ళన్నీ ఆగిపోతాయి సార్. ముందు కంకిపాడులో, అంటే పొట్టలో, కాలేయం ఉబ్బుతుంది, నీరు చేరుతుంది. ఇంకా తెరవకపోతే ఉయ్యూరు, పామర్రు దాటి బందరు దాకా నిలిచిపోతాయి. కాళ్ళు వాస్తాయి సార్" అన్నాను. ఆయన మేడమ్ వైపు తిరిగి "ఈ మాట పొద్దున్నించీ ఒక్కళ్ళూ చెప్పలేదండీ" అన్నారు. తరవాత చిన్నగా మొదలుపెట్టి, కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. నేను బయటికి వచ్చి వరండాలో ఏడ్చాను, పాసయినందుకు.

నాన్న ఆ ఆదివారం బెల్లం దిమ్మ ఒకటి డాక్టరుగారికి ఇచ్చి, "మీ నోట్సు చలవేనండీ" అని దణ్ణం పెట్టి వచ్చాడట. డాక్టరుగారు ఆ నోట్సు జెరాక్సులు ఇంకో రెండు తీయించి పెడతానన్నారట, వెనక వచ్చే పిల్లలకి. నేను ఫోనులో "అంత శ్రమెందుకు నాన్నా" అని మాత్రం గట్టిగా చెప్పాను.

లైబ్రరీకి మాత్రం వైవా అయిన సాయంత్రమే పరిగెత్తాను. బాబాయిగారు బల్ల దగ్గర లేచి నిలబడి ఉన్నారు. "ఏమైందమ్మా? పాసయ్యామా?" అన్నారు. 'అయ్యావా' అనలేదు. "పాసయ్యామండీ!" అన్నాను. పేపర్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. లైబ్రేరియన్ గారు కూడా నిద్రలేచి, విషయం తెలియకపోయినా కొట్టారు. స్వీటు పంచాను, ఎగ్జామినర్ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. అందరూ సర్దుకున్నాక బాబాయిగారు ఖాకీ ప్యాంటు మోకాలి దాకా మడుస్తూ, మొహమాటంగా, "మరి నా కాళ్ళ సంగతి ఏమన్నా చూద్దామా తల్లీ?" అన్నారు. నేను నిలువునా సిగ్గుపడిపోయాను. నెల రోజులు ఆయన బల్ల, ఆయన పుస్తకం, ఆయన బుర్ర వాడుకుని నా సిలబస్సే చదివించాను. ఆయన వచ్చిన పని ఒక్క రోజైనా గుర్తు చేయలేదు, ఆ పేజీ ఎక్కడుందో వెతికి పెట్టమని కూడా అనలేదు.

ఆ సాయంత్రం కాళ్ళ పాఠం తీశాను. వాల్వులు నిజంగానే ఉన్నాయనీ, పైకెళ్ళే రక్తం కిందికి జారకుండా మెట్టు మెట్టుకీ తలుపులు వేస్తాయనీ, నిలబడి నిలబడి అవి వదులైపోయాయనీ చెప్పాను. ఆయన కాలి మీదే వేలితో గీసి పెద్ద సిర ఎటు పోతుందో, చిన్నది ఎటు పోతుందో చూపించాను. పడుకునేటప్పుడు కాళ్ళు దిండు మీద ఎత్తుగా పెట్టుకోమన్నాను. ఆయన అన్నీ శ్రద్ధగా టికెట్ల వెనక రాసుకునే అలవాటున్న చిన్న అక్షరాలతో రాసుకున్నారు. "ముప్పై ఏళ్ళు మోసినయ్, పాపం. ఇప్పుడు తెలిసింది" అని తన కాలిని తనే నిమురుకున్నారు.

తరవాత ఏడాది, కాళ్ళ పాఠం నాకు పరీక్షకి వచ్చినప్పుడు, ఒక సంగతి తెలిసింది. పెద్ద సిర కాలి లోపలి వైపు నుంచి పోతుంది, చిన్నది పిక్క వెనక నుంచి. నేను ఆయనకి రెండూ తారుమారు చేసి చెప్పాను. ఆ రోజంతా తిండి సయించలేదు. సాయంత్రం పరుగు పరుగున వెళ్ళి, ఎలా మొదలుపెట్టాలో తెలియక "బాబాయిగారూ, కాలు ఎలా ఉందండీ?" అన్నాను. ఆయన కాలు చాపి చూపించారు. "నువ్వు చెప్పిన కాడ్నించీ బెమ్మాండంగా ఉందమ్మా. అందరికీ అదే చెబుతున్నా, పెద్ద నరం పిక్క వెనకాల పోద్దని. మా డాక్టరుక్కూడా చెప్పాను" అన్నారు గర్వంగా. "ఆయనేమన్నారండీ?" అన్నాను పీలగా. "నవ్వాడు. ఎవరు చెప్పారంటే, మా అమ్మాయి అని చెప్పా."

దిద్దుదామని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆయన పక్కన కాసేపు కూర్చుని, ఆయన తెప్పించిన టీ తాగి వచ్చేశాను. ఇన్నేళ్ళయినా దిద్దలేదు. ఇప్పుడు నా క్లినిక్కుకి ఉబ్బిన కాళ్ళతో ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి "ఇదేంటమ్మా, ఎందుకిట్టా అయింది?" అని అడిగితే, బయట ఎంతమంది కూర్చుని ఉన్నా కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి నుంచీ చెబుతాను. చెప్పేముందు మాత్రం ఒకసారి పుస్తకం తెరిచి చూసుకుంటాను.